బంగారు నేలలో స్త్రీలు: వారి లేఖలు, వారి సాక్ష్యములు

మన తెలుగువారికి బంగారు గని యనగానే కోలారు స్ఫురించును. ఆ గనులలో దిగి పనిచేసినవారిలో మన చిత్తూరు సీమవారును ఎందరో యుండిరి. కాని కోలారులో బంగారము గని యజమానులది, కూలివానిది కూలి మాత్రమే. 2001లో ఆ గనులు మూతపడు వరకు అదియే పద్ధతి. నేనీ వ్యాసమున చెప్పబోవు బంగారు నేల తీరు వేరు. అమెరికా పడమటి తీరమున కాలిఫోర్నియా యను సీమలో, కొలోమా యను చోట, ఒక రంపపు మిల్లు కాలువలో 1848 జనవరి 24వ తేదీన జేమ్స్ మార్షల్ అను మేస్త్రీకి బంగారు పలుకులు కనబడెను. అచ్చట గనియును లేదు, యజమానియును లేడు. ఏటి ఇసుకను పళ్లెములో కడిగినవానికి దొరకినది దొరకినట్లే. ఆ వార్త విని 1849 నుండి జనము వేలకు వేలుగా విరుచుకొనిపడిరి. కొందరు ఎడ్లబండ్లపై రెండు వేల మైళ్లు ఎడారులను, కొండలను దాటి వచ్చిరి. కొందరు పనామా మీదుగా వచ్చిరి. కొందరు దక్షిణ అమెరికా కొసను చుట్టి, ఓడలలో నెలల తరబడి ప్రయాణించి చేరిరి.

బంగారు లేడిని కోరినది సీత యని లోకము నేటికిని ఆమెను ఆడిపోసుకొనుచునే యున్నది. ఇచ్చట లేడి వెంటబడినవారు పురుషులు. వారిని సాగనంపి, పొలము, పిల్లలు, అప్పులవాండ్లు అన్నియు తామే చూచుకొనుచు తూర్పు రాష్ట్రములలో నిలిచిపోయిన భార్యలు వేలకొలది. భర్తలతో పాటు వచ్చినవారు కొందరే. ఆ వచ్చినవారును, అంతకు ముందే ఆ నేలపై నున్నవారును ఎట్లు బ్రదికిరన్న సంగతి మనకే సాక్ష్యముల వలన తెలియుచున్నది? ఆ సాక్ష్యములను ఎంతవరకు నమ్మవచ్చును? ఈ రెండు ప్రశ్నలే ఈ వ్యాసమునకు విషయము.

యాజ్ఞవల్క్యుడు వ్యవహారమున ప్రమాణములు మూడని చెప్పినాడు: లిఖితము, భుక్తి, సాక్షులు. అనగా వ్రాతపత్రము, అనుభవము, కన్నవారి మాట. కేతన తెలిగించిన విజ్ఞానేశ్వరీయమును మన గ్రంథాలయపు బీరువా నుండి తీసికొనిపోయి చదివిన నాటినుండి, ఏ కాగితము చేతికి వచ్చినను ఈ మూడు మాటలు నాకు మనసున మెదలుచుండును. లెక్కలు వ్రాసి బ్రదికినవానికి అది సహజము. వ్రాసినవాడెవడు, ఎవరికొరకు వ్రాసెను, ఎప్పుడు వ్రాసెను, వ్రాయక విడిచినదేమి అని అడుగనిదే ఏ పద్దును నమ్మరాదు.

మొదట సర్కారు లెక్కను చూతము. 1850లో జరిగిన జనాభా లెక్కలో కాలిఫోర్నియా జనసంఖ్య 92,597. అందును శాన్ ఫ్రాన్సిస్కో పట్టీలు అగ్నికి ఆహుతియైనవి. కాంట్రా కోస్టా, శాంటా క్లారా జిల్లాల పట్టీలు గల్లంతైనవి. అందుచేత 1852లో రాష్ట్రమువారు మరల లెక్కించుకొనవలసి వచ్చెను. దొరకిన లెక్కను బట్టి నూటికి ఎనిమిదిమందికి మించి స్త్రీలు లేరు. బంగారు వాగుల వెంబడి అంతకంటెను చాల తక్కువ. ఆ పట్టీలో వృత్తి అను గడి యొకటి గలదు. పదునైదేండ్లు దాటిన ప్రతి పురుషుని వృత్తియు అందు వ్రాయవలెనని యుత్తరువు. స్త్రీల ఎదుట ఆ గడి ఖాళీ. ఇరువదిమందికి అన్నము వండిపెట్టి పూటకూలి యిల్లు నడిపినదియు ఖాళీయే, ఊరకున్నదియు ఖాళీయే. 1860లో గాని స్త్రీలకును వృత్తి వ్రాయవలెనన్న నిబంధన రాలేదు. పన్ను కట్టని ఆదివాసులను అసలే లెక్కింపవలదని మరియొక యుత్తరువు. కావున సర్కారు చిట్టాను మాత్రమే నమ్ముకొన్నవానికి ఆ నేలలో స్త్రీ ఏ పనియు చేయలేదని తోచును. విరాటుని కొలువున వలలునకు వంటవాడను పేరును, మన్ననయు దక్కినవి. ఇంటి ఇల్లాలి వంటను ఏ లెక్కలో వ్రాసిరి?

ఈ ఖాళీ గడిని నింపునవి ఆ స్త్రీల ఉత్తరములు. వానిలో మిక్కిలి పేరు గన్నవి షర్లీ అను మారుపేరుతో వ్రాయబడిన 23 లేఖలు. వ్రాసినది లూయీజ్ క్లాప్ అను చదువుకొన్న యువతి, ఒక వైద్యుని భార్య. ఫెదర్ నది ఒడ్డున రిచ్ బార్, ఇండియన్ బార్ అను రెండు ఇసుక మేటలపై వెలసిన గుడిసెల పేటలలో నుండి, 1851 సెప్టెంబరు మొదలు 1852 నవంబరు వరకు, తూర్పున నున్న తన చెల్లెలికి ఆమె వ్రాసినట్లుగా ఇవి యున్నవి. రిచ్ బార్‌లో తాము దిగిన హోటలును మొదట జూదరులు ఎనిమిది వేల డాలర్లు పోసి కట్టించిరనియు, దాని గోడలు గుడ్డలతోను పలకలతోను నిలిచినవనియు నవ్వుచు వర్ణించినది. అట్లు నవ్వించిన కలమే కొలది దినములకు ఒక చావును వ్రాసినది. ఆ పేటలో స్త్రీలు వ్రేళ్లపై లెక్కింప దగినంతమందియే. వారిలో ఒకతె జబ్బుపడి నాలుగు దినములలో పోయినది. పాలు మరువని బిడ్డ యొకడు, ఆరేండ్ల పిల్ల యొకతె మిగిలిరి. శవపేటికపై కప్పుటకు గుడ్డ లేక, ప్రక్కనున్న జూదపు బల్లపై పరచిన గుడ్డను ఎరువు తెచ్చి కప్పిరట. ఆ నేల ఎట్టిదో తెలుపుటకు ఈ యొక్క గుడ్డ చాలును. ఏ గెజెటీరులోను ఇది దొరకదు.

ఆమె లేఖలలో లెక్కలవానికి పనికివచ్చు పద్దు మరియొకటి గలదు. ఒక పురుషుడు తన యెరుకలోని యొకని భార్యను మెచ్చుకొనుచు, ఆమె బట్టలుతికి తొమ్మిది వారములలో ఖర్చులు పోను తొమ్మిది వందల డాలర్లు గడించినదని చెప్పెనట. షర్లీ దీనిని పరిహాసముగా వ్రాసినది. అట్టి స్త్రీలు అరుదని ఆ పురుషుడు అనెనట. నేను పరిహాసమును ప్రక్కకు పెట్టి లెక్క వేసితిని. దినమునకు 14 డాలర్ల పైచిలుకు. చరిత్రకారుల యంచనాను బట్టి బంగారు కడుగు పనివాని దినసరి రాబడి 1848లో ఇంచుమించు 20 డాలర్లుండి, ఏటేట పడిపోయి, 1852 నాటికి ఆరింటికి వచ్చినది. అందులోనే వాని తిండి, పనిముట్లు. అనగా 1851లో ఏటి ఒడ్డున బట్టలుతికిన యామె, ఏటి నడుమ మోకాలి లోతున నిలిచినవాని కంటె ఎక్కువ గడించినది. ఆమె పేరు మాత్రము లేఖలో లేదు. మెప్పును భర్త పేరిట జమ కట్టిరి.

షర్లీ తానును ఒకనాడు పళ్లెము పట్టి ఇసుక కడిగినది. మూడుంబావు డాలర్ల బంగారము దొరకినదనియు, దానికి బదులుగా కాళ్లు తడిసి, చేతిజోళ్లు పాడై, బట్టలు చినిగి, జలుబు పట్టినదనియు చెప్పుకొన్నది. నష్టమును సరిగా జమాఖర్చు వేసిన ఆడుమనిషి! అయితే ఈ లేఖలను చదువునపుడు ఒక జాగ్రత్త కావలెను. మనము చదువునది 1854, 1855 సంవత్సరములలో శాన్ ఫ్రాన్సిస్కోలోని పయొనీర్ అను మాసపత్రికలో అచ్చయిన రూపమును. చెల్లెలికని చెప్పినను, నలుగురు చదువుదురన్న యెరుకతో దిద్దిన వాక్యములవి. పుట్టింటివారిని నవ్వింపవలెనన్న కోరిక యొకవైపు, పాఠకులను మెప్పింపవలెనన్న కోరిక యొకవైపు. 1852 వేసవిలో జరిగిన హత్యలు, కొరడా దెబ్బలు, ఉరి వ్రాయవలసి వచ్చినప్పుడు మాత్రము ఆ నవ్వు సడలినది. ఆ భాగములనే నేను ఎక్కువ నమ్ముదును. 1857లో ఆమె భర్త నుండి విడాకులు పొంది, శాన్ ఫ్రాన్సిస్కోలో ఉపాధ్యాయినిగా చాల కాలము జీవించినది. లేఖలలో భర్తను గూర్చి ఆమె ఎంత తక్కువ వ్రాసినదో తెలిసి చదువుట మంచిది.

రెండవ సాక్షి లుజీనా విల్సన్. ఈమె భర్తతోను, ఇద్దరు పసివాండ్రతోను 1849లో మిస్సోరి నుండి బండిపై వచ్చిన రైతు ఇల్లాలు. సాక్రమెంటో చేరువలో రాత్రి విడిసినప్పుడు, పొయ్యిమీది బిస్కట్టు రొట్టెకు ఒకడు ఐదు డాలర్లిచ్చెదనన్నాడట. ఈమె నివ్వెరపోయి పలుకక నిలిచినది. అంతట వాడు చాలదు కాబోలునని పది చేసి, బంగారు కాసును చేత పెట్టినాడట. ఆడుచేతి రొట్టె తిని ఎన్నాళ్లయినదో! తరువాత నెవాడా సిటీ అను క్రొత్త పేటకు పోవుటకు చేతిలో పైకము లేక, ఏడు వందల డాలర్ల బాడుగను బండివానికి అప్పు పెట్టి పోయిరి. చేరిన వెంటనే భర్త కట్టెల కొరకు పోయినాడు. ఈమె పలకలు కొని, మేకులు కొట్టి, తానే బల్ల నిలిపి, సరకులు తెచ్చి వండినది. రాత్రి భర్త తిరిగి వచ్చుసరికి ఇరువదిమంది ఆ బల్లయొద్ద భోజనము చేయుచున్నారు. లేచునపుడు ఒక్కొక్కడు ఒక్కొక్క డాలరు ఆమె చేత పెట్టినాడు. ఆరు వారములలో ఏడు వందల అప్పు తీరినది. భర్తను వ్యాపారములో భాగస్థునిగా చేర్చుకొంటినని ఆమె చెప్పుకొన్నది. మన యిండ్లలో ఏ ఇల్లాలైన ఈ మాట పైకి అనగలదా యని ఒక్కసారి ఆలోచించి, ఆ ఆలోచనను అంతటితో విడిచితిని.

ఇది ఆ కాలమున వ్రాసినది కాదు. 1881లో, ముప్పదియేండ్ల తరువాత, కుమార్తెకు చెప్పగా ఆ పిల్ల వ్రాసికొన్నది. 1937లో గాని పుస్తకముగా రాలేదు. చెప్పునాటికి భర్త ఆమెను విడిచి వెళ్లి తొమ్మిదేండ్లయినది. భాగస్థుని చేసికొంటినన్న మాటలో ఆ తొమ్మిదేండ్ల చేదు కొంత లేకపోలేదు. ఐనను ఏడు వందల అప్పు, తలకు డాలరు వంటి అంకెలు మరువరానివి. అప్పు పడినవాడు అంకెను మరచుట నేనెన్నడును చూడలేదు.

మూడవ యామె మేరీ జేన్ మెగ్వైర్. ఈమె లేఖలు అచ్చు కొరకు వ్రాసినవి కావు. మెయిన్ రాష్ట్రమున ముగ్గురు పిల్లలను విడిచి, వైద్యుడైన భర్తతో 1849లో పనామా మీదుగా శాన్ ఫ్రాన్సిస్కో చేరి, అచ్చట భోజనవసతి గృహము నడిపినది. ఇంటికి వ్రాసిన ఉత్తరములు కుటుంబముననే యుండి 1949లో వెలువడినవి. కుమార్తెకు వ్రాసిన యొక లేఖలో ఆమె తన దినచర్యను చెప్పినది. తెల్లవారి లేచి కాఫీ పెట్టుట, రొట్టెలు కాల్చుట, బంగాళాదుంపలు వేపుట, మూడు పౌన్ల మాంసమును, అంతే కాలేయమును వండుట. అందరు తిని లేచుసరికి మధ్యాహ్నపు వంటకు వేళ. మరల ఆరు రొట్టెలు, ఆపై తీపి వంటకములు, మాంసములు, కూరలు. ఆరు పడకలు సర్దుట. ఉతుకుట, ఇస్త్రీ కూడ తానే. ఎక్కడను ఆశ్చర్యార్థకము లేదు, పోలిక లేదు. దిద్దినది కాదన్న నమ్మకము నాకు అందుచేతనే కలిగినది. చదువుచుండగా మా తల్లి సంక్రాంతినాటి వంటయిల్లు కన్నుల గట్టినది. తేడా యేమన, అక్కడ సంక్రాంతి యేడాది పొడవున. ఇంత చాకిరిని గూర్చి విసిగి వ్రాసిన యామెయే స్వదేశమునకు తిరిగి పోయి, అచ్చటి యిరుగుపొరుగు నోళ్లకు వెరచి బ్రదుకుట దుర్భరమని తలచి, మరల కాలిఫోర్నియాకే వచ్చినది. కడపటిసారి భర్త లేకుండ వచ్చినది. ఒక్క ఉత్తరమును మాత్రము చదివినవాడు ఆమెను దుఃఖిని యనును, మరియొకటి చదివినవాడు స్వేచ్ఛాప్రియ యనును. రెండును ఆమెయే. మన యిండ్లలో ఉత్తరములను తీగకు గ్రుచ్చి వ్రేలాడదీయు అలవాటుండెడిది. ఆ తీగను చివరివరకు చదివినవారికే మనిషి తెలియును.

ఇక భుక్తి ప్రమాణము. కాలిఫోర్నియావారు 1849లో వ్రాసికొన్న రాజ్యాంగములో, భార్య పెండ్లికి ముందు కలిగియున్న ఆస్తియు, తరువాత దానముగానో వారసత్వముగానో వచ్చిన ఆస్తియు ఆమెదే యని విధించిరి. అది అంతకు ముందు ఆ సీమ నేలిన మెక్సికోవారి చట్టము నుండి వచ్చిన వాడుక. ఆ సభలో ఒక బ్రహ్మచారి సభ్యుడు, ఈ విధి యుండినచో ధనవంతురాండ్రగు కన్యలు మన సీమకు వత్తురని వాదించినాడట. స్త్రీల హక్కు అట్టి వాదములతో కూడ గట్టెక్కినది. 1852లో మరియొక చట్టము చేసిరి. పెండ్లియైన స్త్రీ తన పేరిటనే వ్యాపారము చేయదలచినచో, ఆ సంగతిని ప్రకటించి, రిజిస్టరు చేయించుకొనవచ్చును. ఆ రిజిస్టరులలో భర్త అప్పులకు నా సొత్తు బాధ్యము కాదని ప్రకటించుకొన్న స్త్రీల పేర్లు కనబడును. జనాభా పట్టీలో ఖాళీగా నున్న గడికి ఇవి జవాబు.

ఇంతవరకు చెప్పినవారందరును చదువుకొన్నవారో, చదువుకొన్న కుమార్తె గలవారో. తెల్లవారు. వారి మాటను భద్రపరచినవారున్నారు. తక్కినవారి సంగతి యేమి? ఇచ్చట మూడవ ప్రమాణమగు సాక్షి మాటకే ఆటంకము వచ్చినది. 1850లో ఆదివాసుల పరిపాలన, రక్షణ అను పేరుతో చేసిన చట్టములో, ఆదివాసి సాక్ష్యము మీద తెల్లవానికి శిక్ష వేయరాదని యున్నది. నల్లవారి సాక్ష్యము తెల్లవానిపై చెల్లదని చట్టముండగా, 1854లో రాష్ట్ర ఉన్నత న్యాయస్థానము చీనావారికిని అదే వర్తించునని తీర్పు చెప్పెను. అనగా ఈ స్త్రీల యెడల ఏ దౌర్జన్యము జరిగినను వారు కోర్టులో చెప్పుకొనుటకే వీలు లేదు. కోర్టు కాగితములలో వారి మాట కనబడకుండుట జరగకపోవుటకు గుర్తు కాదు. చెప్పనీయకపోవుటకు గుర్తు.

1848 వేసవిలో సైనిక గవర్నరు మేసన్ బంగారు ప్రాంతము తిరిగి చూచి వ్రాసిన నివేదికలో, నాలుగు వేలకు పైగా పనివారున్నారనియు, వారిలో సగముకంటె ఎక్కువమంది ఆదివాసులనియు వ్రాసినాడు. ఒకచోట ఏబదిమంది ఆదివాసులు చిక్కగా అల్లిన బుట్టలతో బంగారము కడుగుచుండిరట. ఆ సీమ ఆదివాసులలో బుట్టల అల్లిక స్త్రీల విద్య. నీరు కారని బుట్టలు అల్లగలవారు వారు. నివేదికలో బుట్టలున్నవి, అల్లినవారు లేరు. కొలది యేండ్లలోనే ఆ ఆదివాసులను వాగుల నుండి తరిమివేసిరి. 1848లో ఇంచుమించు లక్షన్నర యున్నవారి సంఖ్య పాతికేండ్లు తిరుగక ముందే ముప్పది వేలకు పడిపోయినదని చరిత్రకారులు అంచనా కట్టినారు. జబ్బులు, ఆకలి, హత్యలు, పిల్లలను బానిసలవలె పట్టి తీసికొనిపోవుట ఇందుకు హేతువులు.

కోర్టు గడప దాటిన మాట యొకటి మాత్రము నాకు కనబడినది. బిడ్డీ మేసన్ అను నల్లజాతి స్త్రీని యజమాని 1851లో కాలిఫోర్నియాకు తెచ్చినాడు. బానిసత్వము చెల్లని రాష్ట్రమది. అతడామెను, ఆమె బిడ్డలను టెక్సాసుకు మరల తరలింపబోగా వ్యవహారము లాస్ ఏంజెలెస్ కోర్టున పడినది. సభలో ఆమె సాక్ష్యము చెల్లదు కావున, న్యాయాధికారి బెంజమిన్ హేస్ ఆమెను తన గదికి పిలిపించి మాట వినెను. ఆమెకు టెక్సాసుకు పోవుట భయము, ఇష్టము లేదు. 1856 జనవరిలో ఆమెతో కలిసి పదునలుగురు స్వతంత్రులని తీర్పు వచ్చెను. మంత్రసానితనము చేసి దినమునకు రెండున్నర డాలర్లు గడించి, 1866లో 250 డాలర్లకు ఆ నగరముననే భూమి కొన్నది. ఆమెకు వ్రాలు రాదు, నిశానీ పెట్టెడిది. నిశానీ దస్తావేజులను వేలకొలది చూచిన నాకు ఆ గీత విలువ వేరుగ చెప్పవలసినది లేదు.

డౌనీవిల్ పేటలో జోసెఫా అను మెక్సికో స్త్రీకి ఆ పాటి గదియును దొరకలేదు. 1851 జులై 4న స్వాతంత్ర్య దినోత్సవపు త్రాగుడులో, కానన్ అను బంగారు పనివాడు రాత్రివేళ ఆమె యింటి తలుపు పగులగొట్టినాడు. మరునాడు తగవు జరిగి, ఆమె కత్తితో పొడువగా చచ్చినాడు. ఆ దినముననే గుంపు కూడి, న్యాయసభ యని పేరు పెట్టి, ఆమెకు ఉరి విధించి, నది వంతెన మీద వ్రేలాడదీసిరి. ఆమె గర్భవతి యని సాక్ష్యము చెప్పిన వైద్యుని మాటను త్రోసిపుచ్చిరి. ఈ సంగతిని వ్రాసినవారందరును పురుషులే; అందులో గుంపును సమర్థించినవారు, సిగ్గుపడినవారు ఇరువురును గలరు. ఆమె భయపడక ఉరి త్రాటిని తానే మెడకు సర్దుకొన్నదని వ్రాయుటలో వారెల్లరు ఏకీభవింతురు. అంత చూచినవారు ఆమె పేరును మాత్రము సరిగా వ్రాయలేదు. తరువాతి కథలలో ఆమెను హువానీటా అని పిలిచినారు. పాత కాగితములలో జోసెఫా. ఇంటిపేరు ఏదన్నది చాల కాలము తగవుగా నుండెను. మెక్సికో పౌరులు అమెరికాపై వేసిన నష్టపరిహారపు దావాల జాబితాలో, తన భార్యను గుంపు ఉరి తీసినదనియు, తన్ను ఊరి నుండి తరిమినదనియు హోసే మరియా లోయాయిసా అను నాతడు చేసికొన్న దావా యొకటి గలదు. ఆమె ఇంటిపేరును చరిత్రకారులు ఆ పద్దును బట్టియే పోల్చుకొనుచున్నారు.